రంపం పిన్ని అసలు గొంతు

రేడియోలో ఆవిడ గొంతు వినని ఇల్లు ఊళ్లో లేదు. ఆవిడ అసలు గొంతు విన్నవాళ్లు మాత్రం పదిమంది ఉంటే గొప్ప.

మైకు ముందు ఆవిడ రంపం పిన్ని. ప్రతి శుక్రవారం సాయంత్రం నాలుగు గంటలకు, పావుగంట సేపు, ఇరవై రెండేళ్లుగా మొగుణ్ణి కోసిపెడుతున్న పిన్ని. పచ్చికట్టె మీద రంపం ఆడించినట్టుండే ఆ గొంతు రేడియో మీద దుప్పటి కప్పినా వినపడేది. మైకు గదిలోంచి బయటికొచ్చిందా, ఆవిడ మాట పక్కనున్నవాళ్లకే అందదు. బస్సులో "కాస్త జరుగుతారా" అంటే ఎవరూ జరగరు, వినపడితే కదా. ఎవరైనా పోల్చుకుని "రంపం పిన్ని మీరేనాండీ?" అని అడిగితే, చిన్నగా నవ్వి "అవునండీ" అనేది. ఆ "అవునండీ" వినగానే వాళ్ల నమ్మకం కాస్తా పోయి, "ఛ, కాదులెండి" అనుకుంటూ వెళ్లిపోయేవాళ్లు.

"రంపం పిన్ని కబుర్లు"లో మాట్లాడే మనిషి ఒక్కతే. పిన్ని మాట్లాడుతుంది, మొగుడు వింటాడు. ఇరవై రెండేళ్లలో ఆ మహానుభావుడు ఒక్క ముక్క పలకలేదు. పిన్ని మరీ రెచ్చిపోయినప్పుడు పక్కగదిలోంచి "ఖళ్" అని దగ్గుతాడు, అంతే. ఆ దగ్గు చప్పుళ్ల మాస్టారిది. తలుపు కిర్రుమనడం, వాన కురవడం, గిన్నెలు దొర్లడం, స్టేషన్లో చప్పుడన్నది ఏదైనా ఆయన చేతిలోంచో గొంతులోంచో రావలసిందే.

ఆ మొగుడికి పేరు కూడా లేదు. మొట్టమొదటి వారం రాసిచ్చిన కాగితంలో "మా ఆయన" అని ఉంటే, పిన్ని నోరు జారి "మా పెద్దాయన" అంది. బాగుందన్నారు, ఉంచేశారు. అది అంటువ్యాధిలా పాకింది. ఊళ్లో ఆడవాళ్లకు మొగుడి మీద ఒళ్లు మండినప్పుడల్లా "పెద్దాయన" అనడం అలవాటైంది. "మా పెద్దాయన లేచారా?" అంటే, ఆ పనికిమాలిన మనిషి ఇప్పటికైనా లేచాడా అని అర్థం. గౌరవానికి గౌరవం, తిట్టుకు తిట్టు. అంత సదుపాయమైన మాట మళ్లీ మళ్లీ దొరకదు.

ఇలా ఉండగా ప్రభుత్వం మారింది.

ప్రభుత్వాలు మారుతూనే ఉంటాయి. స్టేషన్ గోడ మీద ఫొటో మారుతుంది, మేకు మారదు అనేవాడు చప్పుళ్ల మాస్టారు. ఈసారి మేకులు కూడా కొత్తవి వచ్చాయి. గెలిచిన నాయకుడికి డెబ్భై దగ్గర పడ్డాయి, మీసం పాలలా తెలుపు. ఆయన్ని పేరు పెట్టి పిలవడం అపచారమని పార్టీవాళ్లు తీర్మానించుకుని, భక్తిగా "పెద్దాయన" అన్నారు. మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో వాళ్లలో ఒక్కరికీ గుర్తు రాలేదు. నెల తిరక్కుండా గోడల మీదా బస్సుల వెనకా "పెద్దాయన మాటే మన బాట" అని అక్షరాలు వెలిశాయి.

వినోదాల సంగతి చెప్పనే అక్కర్లేదు. నిన్నటిదాకా జుట్టుకు నల్లరంగు వేసుకుని గెంతిన సినిమా హీరోలు మీసానికి తెల్లరంగు వేసుకోవడం మొదలుపెట్టారు. సబ్బు ప్రకటనలో అందమైన అమ్మాయి పోయి తాతగారు వచ్చి ఒళ్లు రుద్దుకున్నాడు. ప్రేమపాటల్లో నాయిక నాయకుడి అనుభవాన్ని పొగడసాగింది. పిల్లల కథల కార్యక్రమంలో కుందేళ్ల చేతిలో మోసపోయే ముసలి సింహాలన్నీ ఒక్కవారంలో పడుచువైపోయాయి. ఇవేవీ ఎవరూ చెయ్యమని చెప్పలేదు. చెప్పకముందే చేసేవాళ్లు ఇంతమంది ఉంటే చెప్పేవాడికి నోరు నొప్పి ఎందుకు?

ఈ హడావుడిలో రంపం పిన్నిని అందరూ మరిచిపోయారు. తప్పు ఎవరిదీ కాదు, పద్ధతిది. పిన్ని కబుర్లు నాలుగు వారాలకు సరిపడా ఒకేసారి రికార్డు చేసి బీరువాలో పెడతారు. ఎన్నికల రోజుల్లో కబుర్లు ఆపేయడంతో, ముందు చేసిన నాలుగు టేపులు అలాగే ఉన్నాయి. శుక్రవారం వచ్చింది, నాలుగైంది, పైనున్న టేపు తీసి పెట్టారు.

"ఇల్లు బాగుచేస్తానని నిచ్చెనెక్కాడమ్మా మా పెద్దాయన!" అంది పిన్ని. "బాగుచెయ్యడం దేవుడెరుగు, ఉన్న పెంకులన్నీ తొక్కి విరగ్గొట్టాడు. ఇదేం పనయ్యా అంటే, ముందున్నవాళ్లు కప్పు సరిగ్గా వెయ్యలేదంటాడు. ఇంకా నాలుగేళ్లు టైమిస్తే ఆకాశమే కప్పేస్తాడట!"

"ఖళ్," అన్నాడు పెద్దాయన.

ఊరు ఊరంతా గొల్లుమంది. మంగలి షాపులో కత్తి పట్టుకున్నవాడు అది కింద పెట్టి మరీ నవ్వాడు, లేకపోతే ఎవరి చెవో తెగేది. రెండో శుక్రవారం పెద్దాయన బీరువా తాళంచెవి తనే పారేసుకుని పక్కింటివాళ్ల మీద నేరం మోపాడు. మూడో శుక్రవారం ఇంటిల్లిపాదికీ పంచుతానని తెచ్చిన దుప్పట్లన్నీ తనే కప్పుకుని గురకపెట్టాడు. నాలుగో వారానికల్లా జనం మూడున్నర నుంచే రేడియోల చుట్టూ చేరి కూర్చున్నారు.

ఈ నవ్వు ఎందుకో పిన్నికి అర్థం కాలేదు. చప్పుళ్ల మాస్టారు విడమరిచి చెప్పాక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"అయ్యో, నేనన్నది మా ఆయన్ని కదా మాస్టారూ!"

"మీరన్నది మీ ఆయన్నేనమ్మా. జనం విన్నది మనందరి ఆయన్ని."

అయిదో వారం కొత్త అధికారి దిగాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో ఎర్ర పెన్ను. కార్యక్రమాలను సంస్కరించడానికి వచ్చానన్నాడు. మనిషి చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే ఈ కథ చెప్పడం ఇంకా తేలిగ్గా ఉండేది. చిన్నప్పటి నుంచీ పిన్ని కబుర్లు వింటూ పెరిగినవాడు, ఆ మాట వచ్చీరాగానే చెప్పాడు కూడా.

"మేడమ్, మీ ప్రోగ్రాం అయ్యేదాకా మా అమ్మ పొయ్యి వెలిగించేది కాదు," అన్నాడు. "అందుకే ఆపను. ఆపితే మనవాళ్లు ఉలిక్కిపడ్డారంటారు. పిన్ని ఉంటుంది, పెద్దాయనా ఉంటారు. కాకపోతే ఇక నుంచి పెద్దాయన ఏం చేసినా బాగుంటుంది. పిన్ని మెచ్చుకుంటుంది."

"మెచ్చుకుంటే ఇక నవ్వేముంటుంది సార్?" అన్నాడు చప్పుళ్ల మాస్టారు.

"నవ్వు ఎందుకండీ? ఆనందం ఉంటుంది."

"పెద్దాయన అనడం మానేసి 'మా ఆయన' అంటే సరిపోదా సార్?" అని పిన్ని మెల్లిగా అడిగింది. అధికారికి వినపడలేదు. మాస్టారు గట్టిగా మళ్లీ చెప్పాడు.

"అమ్మో, అప్పుడు పాత మాటను ఎందుకు తీసేశారని అడగరూ?" అన్నాడు అధికారి. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునేవాడి కష్టం అది. తడుముకోకూడదు, తడుముకోకుండా ఉండలేడు.

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. పిన్నికి ఎవరి మీదా తిరగబడాలని లేదు. ఆవిడకు ఆ మైకంటే ప్రాణం. మైకు లేకపోతే తను ఎవరికీ వినపడని మనిషినని ఆవిడకు బాగా తెలుసు. ఆ పావుగంట ఉంటే చాలు, తక్కిన వారమంతా ఎవరు విన్నా వినకపోయినా బెంగలేదు. అందుకని అధికారి రాయించి తెచ్చిన కాగితాలు చదవడానికే కూర్చుంది, నిండు మనసుతో కూర్చుంది.

మొదటి వాక్యం "మా పెద్దాయన చెప్పారంటే చేసినట్టే."

"మా పెద్దాయన చెప్పారంటే... చేసినట్టే!" అంది రంపం పిన్ని.

గాజుపలక అవతల చప్పుళ్ల మాస్టారు గోడవైపు తిరిగి నిలబడ్డాడు. ఆయన భుజాలు ఊగుతున్నాయి.

"చివర సాగదీయకండి మేడమ్," అన్నాడు అధికారి.

సాగదీయకుండా అంది. పళ్లు కొరుకుతూ అన్నట్టుంది. నవ్వుతూ అనమన్నాడు. నవ్వుతూ అంటే ఇంకా దారుణంగా ఉంది. అధికారి ఎర్ర పెన్ను తీశాడు. "చేసినట్టే" అంటే చెయ్యనట్టే అని కూడా స్ఫురిస్తోందని దాన్ని కొట్టేశాడు. "ఎంతైనా మా పెద్దాయన కదా"లో "ఎంతైనా" కొట్టేశాడు, తరవాత "కదా" కొట్టేశాడు. "మరి" పోయింది, "లెండి" పోయింది, "అబ్బో" సంగతి చెప్పనే అక్కర్లేదు. ఇంత చిన్న చిన్న మాటల్లో ఇంత కారం ఎక్కడ దాక్కుందో అతనికి అంతుపట్టలేదు. మధ్యాహ్నానికి పది పేజీల కాగితంలో రెండే మాటలు మిగిలాయి. పెద్దాయన గొప్పవారు.

"ఇందులో ఇక ఏముంటుంది?" అన్నాడు అధికారి చెమట తుడుచుకుంటూ. "ఈ రెండు ముక్కలూ చిలక్కి చెప్పినట్టు చెప్పెయ్యండి."

పిన్ని కళ్లు మూసుకుని, గుండెల నిండా గాలి పీల్చుకుని, చేతనైనంత భక్తిగా అంది. "పెద్దాయన గొప్పవారు." ఆ "గొప్ప"లో రెండు పకారాలూ ఒకదాన్నొకటి కాలితో తన్నుకున్నట్టు పలికాయి. మళ్లీ అంది. మళ్లీ అంది. పదహారుసార్లు అంది. ఇరవై రెండేళ్లు కోయడానికి అలవాటుపడ్డ రంపం చేత దువ్వెన పని ఎవరు చేయించగలరు?

"అలా కాదు మేడమ్! ఇలా, ఇలా అనాలి, వినండి!" అధికారి గదిలోకి దూసుకొచ్చి మైకు తనవైపు తిప్పుకుని, గొంతు సవరించుకుని అన్నాడు. "పెద్దాయన గొప్... ప్పవారు!"

అచ్చం అలాగే. అదే సాగదీత, అదే విరుపు. చిన్నప్పటి నుంచి విన్న చెవి, పొద్దున్నుంచి పదహారుసార్లు విన్న చెవి, నోటిని అటే లాక్కుపోయింది. అతని మొహం తెల్లబడింది. చప్పుళ్ల మాస్టారు అలవాటుకొద్దీ "ఖళ్" అన్నాడు. టేపు తిరుగుతూనే ఉంది. అధికారి గాజుపలక అవతలికి పోయి ఆ టేపు తన చేత్తోనే విప్పి, జేబులో పెట్టుకుని, ఎవరి మొహమూ చూడకుండా వెళ్లిపోయాడు.

ఆ వారం పిన్ని కబుర్ల బదులు వీణ వేశారు.

సోమవారం క్యాంటీన్లో వరసలో నిలబడి పిన్ని టీ అడిగింది. "బాబూ, ఒక టీ ఇస్తారా, పంచదార తక్కువేసి. మీకు కుదిరినప్పుడే ఇవ్వండి, తొందరేం లేదు." వెనకాల నిలబడ్డ అధికారి చేతిలో కప్పు అలాగే ఆగిపోయింది.

"మేడమ్, ఇప్పుడు మాట్లాడింది మీరా?"

"అవునండీ."

"ఇది మీ గొంతా? మీ సొంత గొంతా?"

"ఇంకెవరిదండీ?"

అతను ఆవిడను అటునుంచి అటే తన గదికి తీసుకెళ్లి, కుర్చీ వేసి, ఎదురుగా కూర్చున్నాడు. ఎన్నాళ్లుగానో వెతుకుతున్న వస్తువు సొంత సొరుగులోనే దొరికినంత సంబరం అతని మొహంలో.

"ఈ శుక్రవారం పిన్ని ఉండదు, మీరే ఉంటారు," అన్నాడు. "రంపం పిన్ని వెనకున్న అమ్మ మొదటిసారి మీతో మాట్లాడుతుందని వారమంతా చెప్పిస్తాను. అయిదు నిమిషాలు, లైవ్. ఈ ఒక్క కాగితం చదవండి చాలు."

ఆవిడ చదువుకుంది. ఇన్నాళ్లూ నవ్వులాట పేరుతో పెద్దలను కించపరిచాను, అది తప్పని తెలుసుకున్నాను. పెద్దాయన వచ్చాక నా ఇల్లు, నా వీధి, నా బతుకు బాగుపడ్డాయి. ఇది ఎవరో రాసిచ్చింది కాదు, నా మనసులోంచి వచ్చిన మాట.

"రాసిచ్చింది మీరే కదండీ," అంది.

"అది మీకూ నాకూ తెలుసు. జనం మాత్రం మీ గొంతు వింటారు. ఆ గొంతు వింటే ఎవరైనా నమ్ముతారు మేడమ్, నేనే నమ్మేలా ఉన్నాను."

"చదవకపోతే?"

అధికారి పెన్ను మూత తీశాడు, పెట్టాడు. "పిన్ని పాత్ర ఇంకొకరు చేస్తారు. మీరు ఇంటికెళ్లిపోతారు. నాకు మాత్రం ఇష్టమా చెప్పండి? చదివితే వచ్చే వారం నుంచి మీ మైకు మీది."

ఆవిడ ఇంటికి పోలేదు, భర్త కొట్టుకు పోయింది. ఆయన గడియారాలు బాగుచేస్తాడు. ఇద్దరు నిలబడితే మూడోవాడు వీధిలో నిలబడాల్సినంత కొట్టు. గోడల నిండా గడియారాలు, ఒక్కోటి ఒక్కో టైము చూపిస్తూ. ఇరవై రెండేళ్లుగా వీధిలోవాళ్లు ఆయన్ని జాలిగా చూస్తారు, రేడియోలో తిట్లన్నీ ఈయనకేనని. ఆయన కూడా ఆ జాలిని కాదనకుండా పుచ్చుకుంటాడు. ఆవిడ జరిగింది చెప్పింది. ఆయన కంటికి బిగించిన భూతద్దం తియ్యకుండానే విన్నాడు.

"చదివెయ్యవే," అన్నాడు. "అయిదు నిమిషాల పని. అబద్ధం ఆడనివాళ్లెవరు? నేను రోజుకి పదిమందికి 'రేపిచ్చేస్తా' అంటున్నానా లేదా?"

"నేనూ అదే అనుకుంటున్నానండీ. అడుసు తొక్కినట్టే ఉంటుంది, కాలు కడుక్కుంటే పోతుంది."

"మరింకేం?"

"ఒకసారి చదువుతాను. ఎలా ఉందో వినండి."

ఆయన సన్నటి పట్టకారుతో ఒక చక్రాన్ని పట్టుకుని "ఊఁ" అన్నాడు. ఆవిడ కాగితం విప్పి తన మామూలు గొంతుతో, ఆయనతో ఇంటి విషయం మాట్లాడినట్టే, మొదటి నుంచి చివరిదాకా చదివింది. మధ్యలో ఆయన తలెత్తి భూతద్దం తీసి, మెడ సాచి వీధిలోకి చూశాడు. చదవడం అయిపోయింది. ఆయన ఇంకా వీధిలోకే చూస్తున్నాడు.

"ఎవరండీ వచ్చారు?"

"ఎవరూ రాలేదు."

"మరేం చూస్తున్నారు?"

ఆయన సిగ్గుపడ్డట్టు మొహం పెట్టాడు. "వీధి బాగుపడిందన్నావు కదా. మన గుంట పూడ్చేశారేమోనని చూశాను."

కొట్టు ముందు మూడు నెలల కిందట గొట్టాలు వేస్తామని తవ్విన గుంట నోరు తెరుచుకుని అలాగే ఉంది. దాని మీద వేసిన చెక్క మీంచే ఆవిడ ఇందాక దాటి వచ్చింది. ఆయన పొద్దున్న దాటాడు, నిన్న దాటాడు, మొన్న ఆ చెక్క జారి మోకాలు కొట్టుకుపోయింది కూడా.

"రోజూ చూస్తున్నదే," అన్నాడు ఆయన. "నువ్వు చెప్పేసరికి నా కళ్లు నమ్మలేదే, నిన్నే నమ్మాను. నన్ను ఆపరేషనుకి తీసుకెళ్లేటప్పుడు, ఏం కాదు, నేనిక్కడే ఉంటాను అన్నావు చూడు, అదే గొంతు. ఆరోజు అందరూ భయపెట్టారు. నీ మాట ఒక్కటే పట్టుకుని లోపలికి పోయాను."

ఆవిడ చేతిలో కాగితం వంక చూసుకుంది.

"చదవొద్దని చెప్పే ధైర్యం నాకు లేదు," అన్నాడు. "చదవమని మాత్రం ఇక చెప్పలేను."

ఆవిడకు కోపం వచ్చింది. ఇది శుక్రవారం శుక్రవారం వచ్చి పావుగంటలో పోయే కోపం కాదు. రంపం పిన్ని చేత ఏం చదివించినా పరవాలేదు, ఆ గొంతే నిజం కక్కేస్తుంది, పదహారుసార్లు కక్కింది. ఈ గొంతు అలాంటిది కాదు. ఈ గొంతుతో ఏమన్నా జనం తలెత్తి వీధిలోకి చూస్తారు, గుంట లేదనుకుని అడుగు వేస్తారు. స్టేషన్‌వాళ్లు అడుగుతున్నది మైకు ముందున్న మనిషిని కాదు, ఇంట్లో మనిషిని. ఆ మనిషి అమ్మకానికి లేదు, ఆవిడ ఎంత మెత్తనిదైనా సరే. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో పడేసి, చెక్క మీద జాగ్రత్తగా అడుగు వేసి దాటి వెళ్లింది.

శుక్రవారం నాలుగవడానికి ముందు స్టేషన్ గుమ్మం దగ్గర కూడా జనం నిలబడ్డారు, రంపం పిన్ని అసలు గొంతు ఎలా ఉంటుందోనని. అధికారి మీటల బల్ల దగ్గర స్వయంగా కూర్చున్నాడు. ఆ పని చేసే ఇంజినీరును కూడా నమ్మక సెలవిచ్చి పంపించాడు. చప్పుళ్ల మాస్టారుకు ఈరోజు పనిలేదు, ఊరికే వచ్చి మూల నిలబడ్డాడు. మైకు గదిలో ఆవిడ ఒక్కతే. ఎర్రదీపం వెలిగింది.

"నమస్కారమండీ. మీ ఇంట్లో శుక్రవారం శుక్రవారం అరిచేది నేనే. నా అసలు గొంతు ఇదీ. చిన్నగా ఉంటుంది, కాస్త దగ్గరికి రండి."

అధికారి తృప్తిగా తలాడించాడు. ఇంత తియ్యగా ఉంటుందని అతను కూడా అనుకోలేదు.

"ఈ గొంతు ఇన్నాళ్లూ మీకు వినిపించలేదు. ఇది మా ఇంట్లోవాళ్ల కోసం ఉంచుకున్నది. పిన్ని నోటికొచ్చిందల్లా అంటుంది, అది ఆవిడ పని. నేను మాత్రం నాకు నిజమని తెలిసిందే అంటాను. ఇవాళ నాకొక కాగితం ఇచ్చి చదవమన్నారు."

అధికారి తలాడించడం ఆపాడు.

"మా వీధి బాగుపడిందని అందులో రాసుంది. మా ఆయన కొట్టు ముందు తవ్విన గుంట మూడు నెలల నుంచి అలాగే ఉంది. మిమ్మల్ని నవ్వించడం నా తప్పని రాసుంది. మిమ్మల్ని నవ్వించాను, అందుకు నాకు గర్వంగా ఉంది. ఇది నా మనసులో మాటని కూడా రాసుంది."

అధికారి మీటల మీదికి ఒక్క దూకు దూకాడు. బల్ల మీద ముప్ఫై మీటలున్నాయి. చేతికందిన పెద్ద మీటను పట్టుకుని చివరికంటా తిప్పేశాడు. అది ఆపే మీట కాదు, శబ్దం పెంచే మీట. బస్సులో పక్కవాళ్లకైనా వినపడని ఆ గొంతు ఊళ్లో ప్రతి రేడియోలోంచీ గోడలదిరేట్టు మోగింది.

"నా మనసులో మాట ఇది కాదండీ. అందుకని చదవను!"

"అది కాదు సార్," అన్నాడు చప్పుళ్ల మాస్టారు, ఆ వాక్యం పూర్తిగా అయ్యేదాకా ఆగి. "దాని పక్కది."

ఎర్రదీపం ఆరింది. ఎక్కడో వీణ మొదలైంది. ఆవిడ కాగితాన్ని మైకు కింద పెట్టి, సంచి భుజాన వేసుకుని నడవాలోకి వచ్చింది. అధికారి ఎదురొచ్చాడు. చొక్కా ఇస్త్రీ నలిగిపోయింది.

"ఇంత పని చేస్తారా మేడమ్? మీ మంచి కోసం చెప్పానే! నా ఉద్యోగం ఏమవుతుందో ఆలోచించారా?"

"ఆలోచించానండీ. మీరు కూడా నాలాగే ఇంటికి పోవచ్చు. మా ఆయనతో నేను కళ్లెత్తి మాట్లాడగలను, అది చాలు నాకు."

ఆ మెత్తదనం అతన్ని ఇంకా మండించింది. "రేపట్నుంచి మీరు ఇక్కడ అడుగు పెట్టడానికి వీల్లేదు! ఒకటి గుర్తుపెట్టుకోండి. పిన్ని పాత్ర స్టేషన్‌ది. పేరు స్టేషన్‌ది, ఆ గొంతు కూడా స్టేషన్‌దే. బయట ఎక్కడైనా, ఏ వేదిక మీదైనా, ఆ గొంతుతో ఒక్క ముక్క మాట్లాడారా, కేసు పెట్టిస్తాను!"

ఆవిడ కదలకుండా నిలబడింది. నడవాకు రెండు పక్కలా ఉన్న తలుపులు ఓరగా తెరుచుకున్నాయి, వార్తలు చదివేవాళ్లు, పాటలు పెట్టేవాళ్లు, గుమస్తాలు తొంగి చూస్తున్నారు. మైకు లేకుండా ఆ గొంతు ఆవిడ ఎన్నడూ ఎత్తలేదు. ఎత్తగలదో లేదో ఆవిడకే తెలియదు. సంచి కింద పెట్టి, గుండెల నిండా గాలి పీల్చుకుంది.

"ఏమన్నావ్?" అంది రంపం పిన్ని.

తలుపులన్నీ బార్లా తెరుచుకున్నాయి.

"ఈ గొంతు నీదా? ఎప్పుడు కొన్నావయ్యా, ఏ కొట్లో కొన్నావ్? ఇరవై రెండేళ్లు జలుబు చేస్తే కషాయాలు తాగింది నువ్వా నేనా? నీదైతే తీసుకుపో! రా, నోరు తెరిచే ఉంచాను, చెయ్యి పెట్టి తీసుకో! సంచీ తెచ్చుకున్నావా, నాది ఇమ్మంటావా?"

అధికారి ఒక అడుగు వెనక్కి వేశాడు. ఇంకొకటి వేశాడు. వీపుకు గోడ తగిలింది.

"కేసు పెడతావా? పెట్టు నాయనా, ఇవాళే పెట్టు! కోర్టులో జడ్జిగారు ఏమంటారు? ఏదమ్మా ఆ గొంతు, ఒకసారి వినిపించు, వింటేగానీ తీర్పు చెప్పలేనంటారు. వినిపిస్తాను! మీ పెద్దాయన గుంట దగ్గర మొదలుపెట్టి, పెంకులు, తాళంచెవులు, దుప్పట్లు, ఒక్కటీ వదలకుండా, పొద్దున్నుంచి సాయంత్రం దాకా వినిపిస్తాను! పావుగంటలో ఆపమనేవాడు అక్కడ ఎవడూ ఉండడు!"

సంచి అందుకుని మెట్లు దిగడం మొదలుపెట్టింది. నాలుగు అంతస్తులూ దిగుతూ ఒక్క మెట్టు మీద కూడా ఆపలేదు. గుమ్మం దగ్గర గుమిగూడిన జనం రెండుగా చీలి దారిచ్చారు. మైకు లేకపోతే ఆ గొంతు ఎంత దూరం పోతుందో అప్పటిదాకా ఎవరూ చూసింది లేదు. వీధి చివరి దాకా పోయింది.